బహుమతి పట్టికలో పేరు లేదని పగలేల?

2023 జనవరి 24. పొద్దుగూకింది. పత్తి ఏరి, మిరప తోటలకు నీళ్లు కట్టి ఇళ్లకు చేరిన కుర్రకారు అన్నం తినక ముందే టీ కొట్ల దగ్గర చేరారు. ఎక్కడో అమెరికాలో ఆస్కార్ బహుమతుల నామినేషన్లు చదివే వేళ అది. 'ఆర్ఆర్ఆర్' చిత్రానికి ఎన్ని వస్తాయన్నదే ఆ రాత్రి పల్లెల్లో పెద్ద ప్రశ్న. ఉత్తమ చిత్రం ఖాయమన్నవారున్నారు. ఉత్తమ దర్శకుడన్నవారున్నారు. మా హీరోకు ఉత్తమ నటుడు రాకపోతే మీసం తీయించుకుంటానన్నవారూ ఉన్నారు.

చదవడం అయిపోయింది. 'నాటు నాటు' పాటకు ఒకే ఒక్క నామినేషన్ వచ్చింది. కొట్టు ముందు సగం మంది ఈలలు వేశారు, సగం మంది మూతి ముడిచారు. "మనోళ్లను కావాలనే తొక్కిండ్రు బావా" అని ఒకడంటే, "పాటకు వచ్చింది సాలదా? నీ హీరోకు రాలేదని నీ ఏడుపు" అని ఇంకొకడు ఎత్తిపొడిచాడు. ఆ మాట మీద మాట పెరిగింది. చిన్నప్పటి నుంచి ఒకే పలక మీద దిద్దుకున్నవాళ్లు వారం రోజులు ఎడమొహం పెడమొహంగా తిరిగారు. ఇది ఏ ఒక్క ఊరి ముచ్చటో కాదు. బహుమతుల పట్టిక వచ్చిన ప్రతిసారీ ఊరూరా జరిగే తంతే ఇది.

అభిమానం తప్పు కాదు. రోజంతా ఎండలో ఒళ్లు వంచినవాడికి సాయంత్రం నాలుగు మాటలు మాట్లాడుకునే విషయం ఒకటి ఉండాలి. అయితే ఎవరు ఎన్నుకుంటారు, ఎట్లా ఎన్నుకుంటారు అన్న సంగతి తెలియకుండా "అన్యాయం" అని అరిస్తే, ఆ కోపం అమెరికా దాకా పోదు. పక్క బెంచీ మీద కూర్చున్నవాడి మీద పడుతుంది. వచ్చిన చిక్కల్లా అదే.

పంపలేదన్న కోపం

మొదటి తగాదా 2022 సెప్టెంబరులోనే లేచింది. అంతర్జాతీయ చిత్రాల విభాగానికి ఒక్కో దేశం ఒక్క చిత్రాన్నే పంపాలి. మన దేశం తరఫున ఆ చిత్రాన్ని ఎంపిక చేసేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వేసే సంఘం. ఆ ఏడు వారు గుజరాతీ చిత్రం 'ఛెల్లో షో'ను ఎంపిక చేశారు. దాంతో తెలుగు అభిమానులు భగ్గుమన్నారు. ఆ చిత్రాన్ని కన్నెత్తి చూడనివారు సైతం నోరారా తిట్టారు.

ఇంతకూ ఆ చిత్రం దేని గురించి? సౌరాష్ట్రలో ఒక పల్లెటూరి పిల్లవాడు సినిమా పిచ్చిలో పడి, ప్రొజెక్టర్ గదిలోకి దూరి, వెలుగు తెర మీద బొమ్మగా ఎట్లా మారుతుందో నేర్చుకునే కథ. చివరకు రీళ్లు, ప్రొజెక్టర్లు పాత ఇనుప సామాను కింద పోతాయి. మన మండల కేంద్రాల్లో మూతపడి వడ్ల గోదాములైన టాకీసులను తలచుకుంటే అది మన కథే. తిట్టినవాడు చూసి ఉంటే తన చిన్నతనమే కనిపించేది. ఆ చిత్రం తొలి వడపోతలో నిలిచిన పదిహేనింటిలోకి వచ్చింది కాని, చివరి అయిదింటిలోకి రాలేదు.

ఈ విభాగంలో చివరి అయిదింటి దాకా వెళ్లిన మన దేశపు చిత్రాలు ఎన్ని? 'మదర్ ఇండియా', 'సలాం బాంబే', 'లగాన్'. ఇన్నేళ్లకు ఈ మూడే. మన తెలుగు చిత్రం దేశం తరఫున వెళ్లింది 1986లో. అది కె. విశ్వనాథ్ గారి 'స్వాతిముత్యం'. అదీ నామినేషన్ దాకా పోలేదు. అంతమాత్రాన ఆ చిత్రం చూసి కంటతడి పెట్టిన తల్లుల కన్నీరు అబద్ధమైపోయిందా?

ఓట్లు ఎవరివి?

రెండో తగాదా నామినేషన్ల మీద. ఆస్కార్ ఓటర్లు తొమ్మిది వేలకు పైగా ఉంటారు. వారంతా సినిమా పనివారే. నామినేషన్ వేసేటప్పుడు ఎవరి శాఖకు వారే ఓటు వేస్తారు. నటులను నటులు, దర్శకులను దర్శకులు, పాటలను సంగీతం వారు ఎన్నుకుంటారు. ఉత్తమ చిత్రానికి మాత్రం నామినేషన్ కూడా అందరూ వేస్తారు. ఇక గెలుపు తేల్చే చివరి ఓటు అన్ని విభాగాలకూ అందరిదీ. ఊరి లెక్కన చెప్పాలంటే, మొదట వార్డు మెంబరు ఎన్నిక లాంటిది, తరువాత సర్పంచి ఎన్నిక లాంటిది.

కనుక హైదరాబాదులో వంద రోజులాడినా, కోట్లు వసూలైనా ఆ ఓటరు లెక్కలోకి అది రాదు. ఆ ఓటరు చిత్రం చూడాలి, చూసినవాడికి నచ్చాలి. ఉత్తమ చిత్రానికి ఆ ఏడు అర్హత గల చిత్రాలు మూడు వందలకు పైనే. తీసుకున్నవి పది. 'ఆర్ఆర్ఆర్'ను దేశం తరఫున పంపకపోయినా, అక్కడి పంపిణీదారు పట్టు విడవక మళ్లీ థియేటర్లలో ఆడించి, సొంతంగా అనేక విభాగాల్లో పరిశీలనకు పెట్టించాడు. ఆ పట్టుదల వల్లనే పాట పోటీలో నిలిచింది. తొక్కేశారన్నవారు ఈ సంగతి కూడా చెప్పుకోవాలి.

పైగా పాటకు ఎదురు నిలిచింది ఎవరు? రిహానా, లేడీ గాగా వంటి ప్రపంచ ప్రసిద్ధ గాయనుల పాటలు. వారి మధ్య ఒక తెలుగు పాట, అదీ మోటు మాటలతో, మిరపతొక్కు ఘాటుతో నిలబడటమే వింత. మార్చి నెలలో బహుమతి గెలిచింది కూడా. అదే ఏడు మన దేశానికి మరో రెండు నామినేషన్లు వచ్చాయి. 'ఆల్ దట్ బ్రీత్స్' ఢిల్లీలో గాయపడ్డ గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ముల మీద తీసిన డాక్యుమెంటరీ. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' తమిళనాడు అడవుల్లో అనాథ ఏనుగు పిల్లలను సాకిన గిరిజన దంపతుల మీద తీసిన చిన్న చిత్రం. అది బహుమతి గెలిచింది. ఆ దంపతులకు అభిమాన సంఘం లేదు. వారి పేరున ఏ కూడలిలోనూ ఫ్లెక్సీ లేవలేదు. ఆ ఏటి అసలు ఆశ్చర్యం అదే. మన టీ కొట్ల దగ్గర మాత్రం దాన్ని గురించి మాట్లాడినవారు తక్కువ.

మరచిన పేర్లు

అదే 2023 ఆగస్టులో జాతీయ అవార్డులు ప్రకటించారు. 'పుష్ప' చిత్రానికి అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యాడు. తెలుగు నటుడికి జాతీయ స్థాయిలో ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. మళ్లీ వాదం మొదలైంది. దొంగ స్మగ్లరు వేషానికి ఇస్తారా అని కొందరు, 'జై భీమ్'కు ఒక్కటీ ఇవ్వలేదేమని కొందరు, మా హీరోకు ఎందుకు రాలేదని మరికొందరు. ఎస్.వి. రంగారావు అంతటి నటుడికి రాని అవార్డని పెద్దవాళ్లు నిట్టూర్చారు. ఈ నిట్టూర్పులో న్యాయం ఉంది.

అయితే ఒక మాట. తెలుగు చిత్రాలకు జాతీయ ఉత్తమ నటన బహుమతి అంతకు ముందే వచ్చింది, ఒకసారి కాదు. 'నిమజ్జనం' చిత్రానికి శారద, 'దాసి'కి అర్చన, 'కర్తవ్యం'కు విజయశాంతి, 'మహానటి'కి కీర్తి సురేష్ తెచ్చారు. ఆ పేర్లు గుర్తుపెట్టుకుని కటౌట్ కట్టినవారెవరు? బి. నర్సింగరావు తీసిన 'దాసి' మన గడీల్లో నలిగిన ఆడబిడ్డ కథ. దొరసాని వెంట అరణపు దాసీగా వచ్చిన పిల్ల బతుకు అది. ఆ చిత్రం కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం జాతీయ అవార్డు అందుకున్నాడు. అట్లాంటి గడీ గోడలు కూలిపోయిన ఊళ్లలో నిలబడి "మనకెప్పుడూ అన్యాయమే" అనేవారు ముందుగా మనం మరచిపోయిన పేర్ల లెక్క తీయాలి. హీరోకు రాకపోతే తెలుగుకు రానట్టు, హీరోయిన్‌కు వస్తే లెక్కలో లేనట్టు చూడటం ఏమి న్యాయం?

ఇక ఏ పట్టికలోనూ చోటు లేనివారి సంగతి. 'నాటు నాటు' ఆస్కార్ బొమ్మ సంగీత దర్శకుడు కీరవాణికి, రచయిత చంద్రబోస్‌కు దక్కింది. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు బొమ్మ లేదు. అడుగులు నేర్పిన ప్రేమ్ రక్షిత్‌కు లేదు. ఆస్కార్‌లో నృత్య దర్శకుడికి విభాగమే లేదు. ప్రాణాలకు తెగించి దూకే ఫైటర్ల పనికి విభాగం పెడతామని అకాడమీ వారు 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచి అది అమలవుతుందన్నారు. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చిన గుర్తింపు అది. మన జాతీయ అవార్డుల్లో మాత్రం నృత్యానికీ, పోరాటాలకూ అప్పటికే బహుమతులున్నాయి. 'ఆర్ఆర్ఆర్'కు ఆ రెండూ వచ్చాయి, కాలభైరవకు గాయకుడి అవార్డూ వచ్చింది. ఈ ఒక్క విషయంలో మన పట్టికే మేలు.

ఇంటి దీపం ఆరితే అడగరా?

ఆస్కార్ రాలేదని ఇంత రభస చేసినవారు సొంత ఇంటి సంగతి ఎందుకు పట్టించుకోలేదన్నది పెద్ద ప్రశ్న. లేపాక్షి బసవన్న పేరు పెట్టి 1964 నుంచి ఇస్తూ వచ్చిన నంది అవార్డులు 2017 నవంబరులో మూడేళ్లవి ఒకేసారి ప్రకటించారు. ఎంపికల మీద దుమారం లేచింది. ఆ తరువాత ఆ వరుస ఆగిపోయింది. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరున అవార్డులు పెట్టి 2025 జూన్‌లో ఇచ్చేదాకా మన చిత్రాలకు సొంత సర్కారు బహుమతి లేకుండా ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో ఎందరు చిన్న నటులు, కెమెరా పనివారు, మేకప్ వారు, కొత్త రచయితలు తమకు రావలసిన ఒక్క మెచ్చుకోలు లేకుండా మిగిలిపోయారు? పెద్ద హీరోకు బహుమతి రాకపోయినా సినిమాలు ఆగవు. చిన్నవాడికి ఆ బొమ్మే రేపటి అన్నం. దీని కోసం ఏ కూడలిలోనూ ధర్నా జరగలేదు, ఏ ఫ్లెక్సీ లేవలేదు.

2023లో 'బలగం' వచ్చినప్పుడు పంచాయతీ ముందర తెర కట్టి ఊరంతా చాపలు పరుచుకుని చూసింది. చివర బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే పొలం గట్టు కాడ మాట్లాడుకోని అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. ఆ చిత్రంలోని పాటకు 2025లో కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. సంతోషమే. గద్దర్ అవార్డుల్లో 2023 ఉత్తమ చిత్రంగా కూడా నిలిచింది. కాని ఆ వార్తలు వినడానికి మొగిలయ్య లేడు. మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబరులో కన్నుమూశాడు. మెచ్చుకోవలసినవారిని బతికుండగానే మెచ్చుకోవాలన్న నీతి ఇంతకన్నా గట్టిగా ఎవరు చెప్పాలి?

కనుక అభిమానులు వాదించుకోవచ్చు. వాదం లేని రచ్చబండ కళ లేని పెళ్లిపందిరి. అయితే వాదించే ముందు ఆ చిత్రం చూసి ఉండాలి. ఎవరు ఎన్నుకున్నారో తెలిసి ఉండాలి. తమ హీరో పేరుతో పాటు ఆ పట్టికలో లేని ముగ్గురు పనివారి పేర్లు చెప్పగలిగి ఉండాలి. వాదం అయ్యాక టీ డబ్బులు ఎవరిస్తారన్న దాని మీద తప్ప వేరే తగువు మిగలకూడదు. కూలి డబ్బు పెట్టి కట్టిన ఫ్లెక్సీ మొదటి గాలివానకు చిరుగుతుంది. చెడిన స్నేహం మాత్రం అంత తొందరగా అతకదు.

చివరగా ఒక మంచి మాట. 'నాటు నాటు' రాసిన చంద్రబోస్ పుట్టింది పూర్వపు వరంగల్ జిల్లా, ఇప్పటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా చల్లగరిగె గ్రామంలో. బహుమతి తెచ్చుకున్న ఆయన తన ఊరికి కటౌట్ కట్టించుకోలేదు. ఆస్కార్ గ్రంథాలయం కట్టించాడు. 2024 జులైలో అది ప్రారంభమైంది. ఎక్కడో సముద్రాల అవతల ఇచ్చిన బొమ్మ, చివరకు ఒక పల్లెలో పిల్లల చేతికి పుస్తకమై వచ్చింది. మరుసారి పట్టిక వచ్చిన రాత్రి ఫ్లెక్సీ కోసం చందా అడిగేవారు, ఆ చందాతో తమ ఊరి బడికి నాలుగు పుస్తకాలు కొనవచ్చునేమో ఆలోచించాలి.