సీపీ చూసి మురిసేవాళ్లకు

పోకెమాన్ గోలో రేక్వాజా రైడ్ లాబీలోకి అడుగుపెట్టగానే ఆటే ఒక టీమ్ కట్టి ముందు పెడుతుంది. ఆరు పోకెమాన్‌లు, వాటి పక్కన బారెడేసి సీపీలు, అంటే కంబాట్ పవర్ అంకెలు. మనవాళ్లు ఆ వరుసను కళ్లారా చూసుకుని, మారుమాట లేకుండా యుద్ధంలోకి దూకుతారు. ఆటకు తెలియనిది మనకేం తెలుస్తుందిలే అన్న వినయం! ఆ వినయం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు సీపీలో ఏముంది? దాడి, రక్షణ, ప్రాణం అనే మూడింటిని కలిపి కట్టిన లెక్క. ఎదురుగా నిలబడింది ఎవరన్నది అందులో లేదు. మీ పోకెమాన్ ఏ మూవ్‌తో కొడుతుందన్నదీ లేదు. నమ్మకం కుదరకపోతే స్లాకింగ్‌ని చూడండి. 40వ లెవెల్లో దాని సీపీ 4431 దాకా పోతుంది. దాని ఫాస్ట్ మూవ్ పేరు యాన్, అంటే ఆవలింత. పవర్ సున్నా. బాస్ ముందు నిలబడి తీరిగ్గా ఆవలిస్తుంది మహానుభావుడు. అదే లెవెల్లో మామోస్వైన్ 3328 దాటదు. రేక్వాజా మీదికి ఎవరిని పంపాలని సీపీని అడిగితే ఆవలించేవాణ్ణే చూపిస్తుంది.

రేక్వాజాది డ్రాగన్, ఫ్లయింగ్ జంట టైపు. రెండూ ఐస్‌కి లొంగేవే. ఒక టైపు లొంగితే దెబ్బ 1.6 రెట్లు, రెండూ లొంగితే 2.56 రెట్లు. మామోస్వైన్ స్వయంగా ఐస్ టైపు గనక సొంత టైపు మూవ్‌కి ఇంకో 1.2. పౌడర్ స్నో, అవలాంచ్ ఉన్న మామోస్వైన్ దెబ్బ ఇలా మూడు రెట్లు దాటుతుంది. మరి మీరు ముద్దుగా పెంచుకున్న డ్రాగనైట్? డ్రాగన్ మూవ్‌తో 1.6ని 1.2తో గుణించినా 1.92 దగ్గరే ఆగిపోతుంది. పైగా రేక్వాజా డ్రాగన్ మూవ్ వేస్తే డ్రాగనైట్‌కి 1.6 రెట్లు తగులుతుంది, మామోస్వైన్‌కి మామూలుగానే తగులుతుంది. ఇంత తేడా కళ్లెదుట ఉంటే సీపీలో నాలుగొందలు ఎక్కువని డ్రాగనైట్‌ని ముందు నిలబెట్టడం అమాయకత్వమా, బద్ధకమా? బద్ధకమే అంటాను నేను.

ఇక ఐవీ, అంటే పోకెమాన్‌కి పుట్టుకతో వచ్చే బలం మీద పిచ్చి. దాడి ఐవీ 15 ఉన్న మామోస్వైన్‌కీ సున్నా ఉన్నదానికీ దాడిలో తేడా ఆరు శాతం. ఆ ఆరు శాతం కోసం, మామోస్వైన్‌గా ఎదగాల్సిన స్వైనబ్‌లు దొరికితే వాటన్నిటినీ ప్రొఫెసర్‌కి పంపేసి, నూటికి నూరు వచ్చేదాకా కూర్చునేవాళ్లు ఈలోగా దేనితో కొడుతున్నట్టు? ఆట కట్టిన టీమ్‌తోనే.

ఆ టీమ్ సంగతీ చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి అది ఆగ్రాన్ లాంటి ఉక్కుముద్దల్ని ముందుకు తోసింది. నిజమే, ఆగ్రాన్ అంత తేలిగ్గా పడిపోదు. కానీ దాని దాడి 198, మామోస్వైన్‌ది 247. అయిదో స్థాయి రైడ్‌లో మనకిచ్చేది 300 సెకన్లు. గడియారం తరుముతుంటే పడకుండా నిలబడ్డవాడికి బహుమతులు లేవు, గట్టిగా కొట్టినవాడిదే పని. ఈ లెక్కలేవీ ఆట తెర మీద చూపించదు. 1.6 ఎక్కడా కనబడదు, 2.56 అసలే కనబడదు. సీపీని మాత్రం పెద్ద అక్షరాల్లో రాస్తుంది.

2023 ఏప్రిల్లో రిమోట్ రైడ్ పాస్ ధరను 100 నాణేల నుంచి 195కి పెంచితే ప్రపంచమంతా ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు. న్యాయమైన గగ్గోలే. కానీ అంత పోసి కొన్న పాస్‌తో లోపలికెళ్లి, టీమ్ వంక కూడా చూడకుండా స్క్రీన్ మీద వేలు ఆడించేవాణ్ణి ఏమనాలి? పల్లకీ మోస్తున్నవాళ్ల పక్కన బొంగు మీద చెయ్యి ఆనించి నడిచే బాపతు. సరైన కౌంటర్లతో ముగ్గురు కూల్చగల బాస్ దగ్గర పదిమందిని పోగేస్తున్నది ఇలాంటివాళ్లే.

గైడ్లు రాసేవాళ్లనీ వదలను. జాబితా తెరిస్తే పైనంతా మెగాలు, షాడోలు. షాడోకి దాడి 20 శాతం ఎక్కువ, కాదనను. కానీ కొత్తగా వచ్చిన కుర్రాడు ఆ జాబితా చూసి, ఇవేవీ నా దగ్గర లేవు, నా వల్ల కాదు అనుకుని మళ్లీ ఆట కట్టిన టీమ్‌కే పోతాడు. స్వైనబ్‌కి యాభై క్యాండీలు, ఆపైన మరో వంద క్యాండీలు, ఒక సిన్నో స్టోన్ పెడితే మామోస్వైన్ అవుతుందని ఆ కుర్రాడికి మొదటి వాక్యంలో చెబితే ఏం పోతుంది?

మనకింకో చిక్కుంది. ఆటలో మంచు వాతావరణం ఐస్ మూవ్‌లకి 1.2 రెట్ల బలమిస్తుంది. విజయవాడలోనో వరంగల్లోనో మంచు కురిసేదెప్పుడు? గాలి వీచే రోజులు మాత్రం మనకూ వస్తాయి, ఆ గాలి బలమిచ్చేది రేక్వాజాకి. కాబట్టి ఎంపికలో తప్పు చేసే వెసులుబాటు మనకి ఇంకా తక్కువ.

ఈసారి రేక్వాజా రాకముందే పోకెమాన్ జాబితాలోని సెర్చ్‌లో @ గుర్తు కొట్టి, పక్కన ఇంగ్లీషులో ఐస్ అని టైపు చేయండి. ఐస్ మూవ్‌లున్నవన్నీ బయటపడతాయి. రెండు మూవ్‌లూ ఐస్‌వే ఉన్న ఆరింటిని ఏరి బ్యాటిల్ పార్టీగా దాచుకోండి. లాబీలో ఆట తన టీమ్‌ని చూపించగానే పక్కకి తోసి మీ పార్టీని దించండి.