పసివాడి కళ్లలో పగ

ఒకవైపు పదునైన కత్తి. ఇంకోవైపు రంగుల బంతి. ఎదురుగా ఏడాది పిల్లాడు.

అన్నప్రాశన రోజు మన ఇళ్లలోనూ పుస్తకం, పెన్ను, నగ, కత్తి వరసగా పెట్టి బుజ్జిగాణ్ని పాకనిస్తారు. పుస్తకం పట్టుకుంటే కలెక్టరవుతాడని తాతయ్య మురిసిపోతాడు. కత్తి పట్టుకుంటే వీరుడవుతాడని నాయనమ్మ మెటికలు విరుస్తుంది. ఇక్కడ మాత్రం మురిసిపోవడానికి ఎవరూ లేరు. తల్లి అప్పటికే హత్యకు గురైంది. తండ్రి ఒక నిర్ణయానికి వచ్చేశాడు. పిల్లాడు బంతి పట్టుకుంటే తన చేతుల్తోనే వాణ్ని తల్లి దగ్గరికి పంపేస్తాడు. కత్తి పట్టుకుంటే పగ దారిలో వెంట తీసుకెళతాడు.

పిల్లాడు బంతి కేసి చూస్తాడు. ఆ తర్వాత కత్తి వైపు పాకుతాడు. తండ్రి ముఖంలో సంతోషం ఏమాత్రం ఉండదు.

జపాన్ బొమ్మల కథల్లో, అంటే మాంగాల్లో, కొన్నేళ్లకైనా మరచిపోలేని సన్నివేశం ఇది. పుస్తకం పేరు 'కొజురే ఓకామి'. ఇంగ్లిషులో 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్'... ఒంటరి తోడేలు, దాని కూన. రాసింది కజువో కొయికే. బొమ్మలు గోసెకి కొజిమావి. 1970 నుంచి 1976 దాకా ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పుస్తకాలుగా వేస్తే 28 సంపుటాలు, 8,700 పేజీల పైచిలుకు!

కథ వినడానికి చాలా సులువు. ఒగామి ఇట్టో షోగన్ కొలువులో పెద్ద ఉద్యోగి. హరాకిరి చేసుకోమని ఏ సామంతుడికైనా ఆజ్ఞ పడితే, పక్కన నిలబడి తల నరకడం అతని పని. ఆ పదవి మీద యాగ్యు వంశానికి కన్ను. వంశ పెద్ద రెత్సుడో పన్నిన కుట్రలో ఇట్టో రాజద్రోహిగా ముద్రపడతాడు. భార్య పోతుంది, ఇల్లు పోతుంది, పరువు పోతుంది. మిగిలింది కొడుకు డైగోరో. వాణ్ని చెక్క బండిలో కూర్చోబెట్టుకుని ఊరూరా తిరుగుతూ, 500 బంగారు ర్యోలు తీసుకుని మనుషుల్ని చంపే వృత్తిలోకి దిగుతాడు. ఆ బండిలో పాలపీకలు, బొమ్మలు ఉంటాయనుకుంటే పొరపాటే. చెక్కల చాటున ఆయుధాలుంటాయి.

వారానికో ఊరు, వారానికో చావు. అంతేనా అనిపిస్తుంది. కొయికే తెలివంతా అక్కడే ఉంది. చాలా కథలు తండ్రి కత్తి కన్నా పిల్లాడి చూపు మీదే నడుస్తాయి. డైగోరో మాట్లాడేది తక్కువ. తండ్రిని 'చాన్' అని పిలుస్తాడు, అంతే. ఒక కథలో తండ్రి కనిపించక వాడొక్కడే గుడి గుడికీ వెతుక్కుంటూ పోతుంటాడు. దారిలో ఒక సమురాయ్ ఆ కళ్లు చూసి ఉలిక్కిపడతాడు. చావును దగ్గర్నుంచి చూసి, దాన్ని దాటి వచ్చిన వీరుడికుండే చూపు... మూడేళ్ల పిల్లాడికి ఎలా వచ్చింది? పొలానికి నిప్పంటుకుంటే ఆ పిల్లాడు ఏడవడు. బురద తవ్వుకుని అందులో దాక్కుంటాడు. చదివేవాళ్లకు ముచ్చటేస్తుంది, మరుక్షణం భయమేస్తుంది. ఈ పిల్లాడికి బాల్యం ఏదీ?

ఇక బొమ్మలు. కొజిమా కుంచెతో, నల్ల సిరాతో గీశాడు. తడి ఆరిన కుంచెను కాగితం మీద సర్రున లాగితే ఎలా ఉంటుందో, అతని కత్తిపోటు అలా ఉంటుంది. ఒక్క వేటుకు రెండు మూడు పేజీలు తీసుకుంటాడు. ముందు గాలి, రెల్లుగడ్డి, బండి చక్రం, పిల్లాడి కన్ను... అప్పుడు కత్తి. పేజీలకు పేజీలు ఒక్క మాటైనా ఉండదు. జపాన్‌లో మాంగాను ఉర్దూ పుస్తకంలా కుడి నుంచి ఎడమకు చదువుతారు. భాష రాకపోయినా ఈ పేజీలు అర్థమవుతాయి. మాంగాలోకి రాకముందు కొజిమా 'కామిషిబాయి' బొమ్మలు వేసేవాడు. అంటే సైకిలు వెనక చెక్క పెట్టె పెట్టుకుని, అట్టల మీది బొమ్మలు ఒక్కోటీ మారుస్తూ వీధి పిల్లలకు కథ చెప్పే ఆట. చెప్పేవాడు మిఠాయిలూ అమ్ముకునేవాడు. తోలుబొమ్మలాటకు పేరున్న నెల్లూరు జిల్లా వాళ్లకు ఆ విద్య గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బొమ్మను ఎప్పుడు చూపాలో, ఎంతసేపు ఆపాలో తెలిస్తే సగం కథ చెప్పినట్టే.

అసలు ఈ మాంగా చదువుతుంటే ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల వాళ్లకు ఇంకో కథ తప్పక గుర్తొస్తుంది. 13వ శతాబ్దం నాటిదంటారు. శ్రీశైలం వైపు కరవొచ్చి కాటమరాజు తన ఆలమందల్ని దక్షిణానికి తోలుకొచ్చాడు. నెల్లూరు సిద్ధిరాజు బీళ్లలో మేపుకోవడానికి ఒప్పందం కుదిరింది. పచ్చిక చుట్టూ తగవు మొదలైంది. ఒక పెంపుడు చిలుక చావుతో అది ముదిరిందని కొన్ని కథనాలు చెబుతాయి. వానల కోసం ఆకాశం వైపు చూసే మెట్టసీమలో గడ్డి కోసం యుద్ధమంటే ఎవరూ నవ్వరు. నెల్లూరు సేనాని ఖడ్గతిక్కన, కవి తిక్కన సోమయాజికి పినతండ్రి పెదతండ్రుల వరస సోదరుడు. పోరులో సేన చెదిరి, ఇంటికి తిరిగొచ్చాడు.

ఆ ఇంట్లో అతనికి ఎదురైనవి ఏమిటి? స్నానానికి నీళ్లు పెరట్లో లేవు. ఆడవాళ్లకు పెట్టినట్టు మంచం చాటున, పసుపు ముద్దతో సహా సిద్ధంగా ఉన్నాయి. ఇదేమిటంటే, ఇంట్లో ఇప్పుడు ముగ్గురం ఆడవాళ్లమేగా, సిగ్గెందుకని భార్య అంది. అన్నం దగ్గర కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసింది. మేతకెళ్లిన పశువులూ విరిగాయి, పాలూ విరిగాయని దెప్పింది. తిక్కన మళ్లీ కత్తి పట్టుకుని వెళ్లాడు. తిరిగి రాలేదు.

ఎవరు ఎవర్ని ఎన్ని ముక్కలు చేశారన్నది కొమ్ములవాళ్లు రాత్రంతా పాడినా, జనం నోట మిగిలింది మాత్రం ఆ మంచం, ఆ పాలే. కొజిమా లాంటి చేతికి ఆ ఇల్లు దొరికితే ఎలా గీసేవాడు? విరిగిన పాలగిన్నె ఒక పేజీ, తల్లి చెయ్యి ఒక పేజీ, తలెత్తని కొడుకు ఒక పేజీ. మాటలక్కర్లేదు.

అన్నట్టు, బొమ్మలున్నాయి కదా అని దీన్ని పిల్లల చేతికి ఇచ్చేరు! నెత్తురు, శృంగారం రెండూ ధారాళం. ఇది పెద్దల పుస్తకం. జపాన్‌లో 1972-74 మధ్య దీని మీద ఆరు సినిమాలొచ్చాయి. 1987లో మొదటిసారి అమెరికాలో అచ్చయినప్పుడు అట్టబొమ్మలు వేసింది ఫ్రాంక్ మిల్లర్. 2000 నుంచి 28 సంపుటాలూ చిన్న సైజులో ఇంగ్లిషులోకి వచ్చాయి. అదే ఏడాది జనవరిలో కొజిమా పోయాడు. కొయికే 2019 దాకా ఉన్నాడు.

ముగింపు చెప్పకూడదు కానీ, చెప్పకుండా ఉండటం కష్టం. ఆఖరి పోరులో ఇట్టో చనిపోతాడు. ఎదురుగా ముసలి రెత్సుడో మిగులుతాడు. డైగోరో ఆయుధం ఎత్తి అతని మీదికి పరుగెడతాడు. ముసలాయన తప్పుకోడు. పోటు దిగాక ఆ పిల్లాణ్ని దగ్గరకు తీసుకుని మనవడా అంటాడు. వాడికింకా బడికి పంపే ఈడైనా రాలేదు.