ముద్రమీద ముద్ర

జగిత్యాలనుండి గాని కోనసీమనుండి గాని దుబాయికి నర్సు ఉద్యోగమునకై పోదలచిన యువతి తన పట్టా నిజమైనదని నిరూపించుకొనుటకు ఎన్ని గడపలు తొక్కవలసియున్నదో పాఠకులలో పలువురెరుగుదురు. పట్టాను మొదట రాష్ట్రప్రభుత్వాధికారి ధ్రువపరుపవలెను. ఆయన సంతకమును కేంద్ర విదేశాంగశాఖ ధ్రువపరుపవలెను. ఆ శాఖ ముద్రను ఎమిరేట్ల రాయబార కార్యాలయము ధ్రువపరుపవలెను. అచ్చటికి చేరినపిదప అచ్చటి విదేశాంగశాఖ మరల ఒక ముద్ర వేయవలెను. ఇంతలో ఉద్యోగమిచ్చెదమన్న ఆసుపత్రివారి గడువు తీరిపోయిన, ఆమె కుటుంబము చేసిన అప్పు తీర్చువారెవరు?

ఈ గొలుసును త్రెంచుటకే 1961 అక్టోబరు 5వ తేదీన హేగ్ నగరమున ఒక ఒడంబడిక జరిగినది. పత్రము పుట్టిన దేశము 'అపోస్టిల్' అను చదరపు ధ్రువపత్రమునొకదానిని తగిలించిన చాలును. రాయబారుల ముద్రలతో పనిలేదు. అది సంతకమునకును, అధికారి హోదాకును, ముద్రకును మాత్రమే సాక్ష్యము. పత్రమునందలి విషయమునకు కాదు. ఈ ఒడంబడిక మన దేశమునకు 2005 జూలై 14వ తేదీనుండి వర్తించుచున్నది. మన చేరికకు జర్మనీ ఆక్షేపణ తెలిపినది. దొంగపట్టాల బేరము మన నగరములలో లేదని బొంకజాలము గనుక, పరులను నిందించుటకు మాకు నోరాడకున్నది.

ఒమాను, బహ్రెయిను ఈ ఒడంబడికలో చేరినవి. సౌదీ అరేబియాలో 2022 డిసెంబరునుండి ఇది అమలునందున్నది. తెలుగు కూలీలును నర్సులును వేలకొలదిగానున్న ఎమిరేట్లు, కువాయిట్టు, ఖతరు మాత్రము వెలుపలనే యున్నవి. చమురును గూర్చి, పెట్టుబడులను గూర్చి ఆ ప్రభువులతో మన మంత్రులు జరుపు సంభాషణలలో ఈ చిన్న విషయమునకు చోటు దొరకదా?

స్వగృహమునందలి లోపమును గూర్చియు చెప్పవలసియున్నది. అపోస్టిల్‌కు విదేశాంగశాఖ పుచ్చుకొను రుసుము 50 రూపాయలు. ఏజెంట్లు పుచ్చుకొనునది వేలు! 2012నుండి ఆ శాఖ ప్రజల చేతినుండి నేరుగా పత్రములను గైకొనుట మాని, తాను నియమించిన సంస్థలద్వారానే స్వీకరించుచున్నది. 2019నుండి హైదరాబాదునందును ఈ పని జరుగుచుండుట మేలే. కాని ఆదిలాబాదువానికిని శ్రీకాకుళమువానికిని హైదరాబాదు పొరుగూరు కాదు. ప్రతి కలెక్టరు కచ్చేరీలోను ఈ పత్రములను స్వీకరించి, రసీదునిచ్చి, తిరిగి యిచ్చు తేదీని అందు వ్రాయింపవలెననియు, రుసుముల పట్టికను తెలుగున గోడపై అంటింపవలెననియు ఉభయ రాష్ట్రప్రభుత్వములను మేము కోరుచున్నాము.