తార్నాకలో నడిచేవాడి వంతు ఎప్పుడు?

హైదరాబాద్‌లోని తార్నాక ఆర్టీసీ ఆసుపత్రికి వచ్చేవారిలో రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు ఎందరో. సర్వీసంతా ఊరి జనాన్ని గమ్యం చేర్చినవాళ్లు. ఇప్పుడు ఒక చేత మందుల సంచి, ఇంకో చేత భార్య చెయ్యి పట్టుకుని డివైడర్ పక్కన బండ్ల మధ్య సందు కోసం కాచుకుంటారు. ఓ అడుగు ముందుకేస్తే హారన్ మోగుతుంది. మళ్లీ వెనక్కి. పెద్దాయన కాలు తడబడి కింద పడితే దాన్ని ప్రమాదమంటాం. కానీ అది ఎప్పుడో కాగితం మీదే ఖరారైపోయింది.

తార్నాక కూడలిని ఏళ్ల తరబడి మూసి, యూటర్న్‌లతో నెట్టుకొచ్చారు. 2025 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా తెరిచినప్పుడు మాటంతా బండ్లకు చుట్టు ఎంత తగ్గుతుందన్నదే. 2017 నవంబరు నుంచీ ఇక్కడ మెట్రో ఆగుతోంది. అందులోంచి దిగిన ప్రతి ఒక్కరూ మెట్లు దాటి రోడ్డు మీదికి రాగానే పాదచారులే. వాళ్లకు ఎన్ని సెకన్లు ఇస్తున్నామన్న లెక్క మాత్రం ఎక్కడా వినిపించదు.

కాస్త ముందుకెళ్తే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం. ఆ స్థలం ఎంపికలో సలహా ఇచ్చినవాడు నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడెస్. ఊరికి ప్లాను గీసే ముందు ఆ ఊళ్లో కాలినడకన తిరిగి చూడాలని పట్టుబట్టిన మనిషి. 1934 జులై 5న నిజాం శంకుస్థాపన చేసిన ఆ చదువుల తోటను నేడు విద్యానగర్‌ నుంచి తార్నాక వెళ్లే బండ్లు అడ్డదారి చేసుకున్నాయి. హాస్టల్ నుంచి లైబ్రరీకి వెళ్లే అమ్మాయి చెట్టు నీడన నడవాల్సింది పోయి, వెనక నుంచి వచ్చే కారుకు బెదిరి పక్కకు తప్పుకోవాలి. ఇది ఒప్పుకోదగింది కాదు. ప్రాంగణం గుండా పోయే బయటి వాహనాలను ఆపాలి. లోపల తిరిగే వాటికి గంటకు 30 కిలోమీటర్లు దాటనివ్వకూడదు.

కూడలి దగ్గర ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కడతామంటే సరిపోదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అన్ని మెట్లెక్కి దిగాలి, కాలికింద యాక్సిలరేటర్ ఉన్నవాడు మాత్రం తిన్నగా పోవాలా? నేలమీదే జీబ్రా గీతలు, నడిచేవారికి విడిగా సిగ్నల్, అదీ వృద్ధుల నడకకు తగ్గ సమయంతో కావాలి. ఫుట్‌పాత్‌కు అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. మన ఫుట్‌పాత్ మీద ఆ 1.8 మీటర్లలోనే ట్రాన్స్‌ఫార్మర్, హోర్డింగు స్తంభం, పార్క్ చేసిన బైకులు. మధ్యలో ఒక పలక లేచిపోయి, కింద మురికికాల్వ కనబడుతూ ఉంటుంది. అడ్డు తొలగించడమంటే అధికారులకు మొదట గుర్తొచ్చేది మిర్చిబజ్జీ బండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఆ బండికి చోటు చూపించమంది. ఫుట్‌పాత్ ఎక్కిన కారుకు ఏ చట్టమూ చోటివ్వలేదు, ముందు దాన్ని దించండి.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. ఇంతమంది పోతున్నా ఫుట్‌పాత్‌లకు డబ్బు లేదన్న మాట నమ్మలేం. రవాణా నిధుల్లో కనీసం 60 శాతం నడకకు, సైకిళ్లకు కేటాయించాలని చెన్నై కార్పొరేషన్ 2014లోనే విధానం పెట్టుకుంది. అక్కడ అన్నీ బాగుపడ్డాయని కాదు, కనీసం ఒక మాట రాసుకున్నారు. మన దగ్గర ఫ్లైఓవర్ల తర్వాత మిగిలితేనే ఫుట్‌పాత్.

ఆటంకాల్లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కు, అది రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టం చేసింది. కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసు, విశ్వవిద్యాలయ అధికారులు ఒక సాయంత్రం ఆరింటికి మెట్రో మెట్ల దగ్గర కలుసుకుని, ఎస్కార్టు లేకుండా ఆర్ట్స్ కాలేజీ దాకా నడవండి. టెండరు కాగితం ఆ తర్వాతే రాయండి.