సైలెన్సర్‌లోంచి నీళ్లొస్తే...

2022 మార్చి 30న కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటుకు టయోటా మిరాయ్ కారులో వచ్చారు. మిరాయ్ అంటే జపాన్ భాషలో భవిష్యత్తు. అది పెట్రోలుతోనో డీజిలుతోనో కాదు, హైడ్రోజన్‌తో నడుస్తుంది. ఇలాంటి బండ్ల గురించి ఎవరు చెప్పినా ముందు చెప్పే మాట ఒకటే. ‘వీటికి పొగ ఉండదు, వెనక నుంచి వచ్చేది నీళ్లే... అంతే!’

మాట నిజమే. కాకపోతే ఆ ‘అంతే’ ఉందే, అదే కాస్త తొందరపాటు. ఆ నీళ్లను సరిగ్గా బయటికి పంపడానికి ఇంజినీర్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు. ఎందుకో చూద్దాం.

ఫ్యూయల్ సెల్‌లో దేన్నీ మండించరు. పల్చటి ప్లాస్టిక్ పొరకు ఒకవైపు హైడ్రోజన్, రెండోవైపు మామూలు గాలి పంపిస్తారు. హైడ్రోజన్‌లోని ప్రోటాన్లు పొరను దాటి అటు వెళతాయి. ఎలక్ట్రాన్లకు పొరలోంచి దారి ఉండదు కాబట్టి తీగ గుండా చుట్టూ తిరిగి వెళతాయి. ఆ తిరిగి వెళ్లడమే కరెంటు. మోటారు తిరిగేది దాంతోనే. అవతలి ఒడ్డున అందరూ కలిసి గాలిలోని ఆక్సిజన్‌తో చేరితే నీరు పుడుతుంది.

ఎంత నీరు? కిలో హైడ్రోజన్ ఎనిమిది కిలోల ఆక్సిజన్‌ను కలుపుకుని తొమ్మిది కిలోల నీరవుతుంది. మిరాయ్ లాంటి కారు వంద కిలోమీటర్లకు సుమారు కిలో హైడ్రోజన్ తాగుతుంది. అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేసరికి దాదాపు పాతిక లీటర్లు. మనం ఇంటికి తెప్పించుకునే వాటర్ క్యాన్ నిండి ఇంకా మిగులుతాయి!

అమ్మో, అన్ని నీళ్లే అనిపిస్తుంది. కానీ మన పెట్రోలు కారు తక్కువేం తినలేదు. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు తయారవుతుంది. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే కారు అదే విజయవాడకు పద్దెనిమిది లీటర్ల నీళ్లు వదులుతుంది. చలికాలం పొద్దున్నే కారు స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ చివర చుక్కలు రాలడం మీరు చూసే ఉంటారు. అవి ఇవే. ఇంజిన్ వేడెక్కాక మాత్రం కనిపించవు. వందల డిగ్రీల వేడి పొగలో నీరు ఆవిరిగానే ఉండి, గాలిలో కలిసిపోతుంది.

ఫ్యూయల్ సెల్‌కు ఆ వేడి లేదు. అది పనిచేసేదే ఎనభై డిగ్రీల లోపు. బయటికొచ్చే గాలి ఇంకా చల్లగా ఉంటుంది. అందుకే నీరంతా ఆవిరిగా పోదు, కొంత చుక్కలుగా రాలుతుంది. తేడా నీటి పరిమాణంలో కాదు, వేడిలో ఉందన్నమాట.

మన ఎండల్లో ఇది పెద్ద సమస్య కాదు. ఏసీ వేసిన ప్రతి కారూ వేసవిలో రోడ్డు మీద నీళ్లు కారుస్తూనే ఉంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. అదే మంచు కురిసే దేశాల్లో అయితే కూడలి దగ్గర ఆగిన బండ్లన్నీ ఒకేచోట నీళ్లు వదిలితే అది గడ్డకట్టి, వెనకొచ్చే బండి జారుతుంది. ఇంటి గ్యారేజీలో మడుగు కట్టినా చిరాకే. అందుకే టయోటా వాళ్లు మిరాయ్‌లో హెచ్2ఓ అని రాసిన మీటొకటి పెట్టారు. ఇంట్లోకి తిప్పబోయే ముందు అది నొక్కితే లోపల నిలిచిన నీరు వీధిలోనే పోతుంది. పక్కింటివారి వాకిట్లో నొక్కకుండా ఉండే బాధ్యత మాత్రం మనదే.

బస్సు లెక్క వేరు. వంద కిలోమీటర్లకు ఎనిమిది కిలోల హైడ్రోజన్ అనుకుంటే డెబ్భై రెండు లీటర్ల నీరు. 2003లో లండన్, హాంబర్గ్, మాడ్రిడ్ వంటి తొమ్మిది ఐరోపా నగరాల్లో ఇరవై ఏడు హైడ్రోజన్ బస్సులు తిప్పడం మొదలెట్టినప్పుడు గొట్టాన్ని పైకప్పు మీదికి తీశారు. చల్లటి రోజుల్లో బస్సు నెత్తిన తెల్లటి ఆవిరి మేఘంలా లేచేది. స్టాపులో నిలబడ్డవారి కాళ్ల మీద మాత్రం చుక్క పడేది కాదు.

‘ఆ నీళ్లు తాగొచ్చా?’ అన్నది అందరూ అడిగే ప్రశ్న. చంద్రుడి మీదికెళ్లిన అపోలో వ్యోమగాములు ఫ్యూయల్ సెల్ నీళ్లే తాగారు కదా అంటారు. తాగారు. 1970లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు కరెంటుతోపాటు నీటికీ కరువొచ్చింది అందుకే. అయితే ఒక మెలిక ఉంది. అపోలోలో వాడింది క్షారద్రవంతో పనిచేసే సెల్. మన కార్లలోని ప్లాస్టిక్ పొర సెల్‌కు పూర్వీకుడు అంతకుముందు జెమినీ నౌకల్లో వాడిన సెల్. దాని నీరు పొరలోంచి దిగిన మలినాలతో తాగడానికి పనికిరాలేదు. ఇప్పటి పొరలు ఎంతో మెరుగే. అయినా అవి ఫ్లోరిన్ కలిసిన ప్లాస్టిక్‌తో చేసినవి. పొర అరిగేకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ జాడ కనిపిస్తుంది. దాన్ని కొలిచే పొర ఆరోగ్యం ఎలా ఉందో లెక్కగడతారు. నల్గొండ గుర్తొచ్చి ఉలిక్కిపడకండి, ఇది అతి స్వల్పం. అయినా రోడ్డు మీది గాలి పీల్చి, గొట్టాల్లో తిరిగొచ్చిన నీటిని తాగాల్సిన అవసరం మనకేం వచ్చింది?

సరే, బయటి సంగతి అలా ఉంచితే లోపలి తంటా ఇంకా పెద్దది. పొర ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండితే ప్రోటాన్లు దాటలేవు, కరెంటు పడిపోతుంది. తడి ఎక్కువైతే నీరు సన్నటి దారుల్లో నిలిచి గాలికి అడ్డం పడుతుంది. అప్పుడూ కరెంటు పడిపోతుంది. వరి మడికి నీరు పెట్టే రైతుకు ఈ కష్టం వేరే చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ వందల మడులు, ఒక్కొక్కటి మిల్లీమీటరంత మందం, యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీటిమట్టం మారిపోతుంటుంది.

ఇక గడ్డకట్టే చలైతే చెప్పనే అక్కర్లేదు. రాత్రి లోపల మిగిలిన నీరు మంచైతే పొద్దున్న బండి కదలదు. 2002లో హోండా తన ఎఫ్‌సీఎక్స్ కారును మొదటిసారి అద్దెకిచ్చినప్పుడు దానికి ఈ బాధ ఉంది. మైనస్ 20 డిగ్రీల్లోనూ స్టార్టయ్యే సెల్‌ను ఆ కంపెనీ 2003లో ప్రకటించింది. ఉపాయాల్లో ఒకటి చాలా సింపుల్. కారు ఆపగానే గాలిపంపు కాసేపు తిరిగి లోపలి నీటిని బయటికి ఊదేస్తుంది. తాళం తీశాక కూడా కారు సొద పెడుతుంటే చెడిపోయిందని కంగారు పడొద్దన్నమాట.

మన దేశంలో ఈ రెండు కష్టాలూ కలిసే ఊరు లేహ్. సుమారు 3,600 మీటర్ల ఎత్తులోని ఆ ఊళ్లో తిప్పడానికి ఎన్‌టీపీసీ అయిదు హైడ్రోజన్ బస్సుల పథకం పెట్టుకుంది. మొదటి బస్సు 2023 ఆగస్టులో అక్కడికి చేరింది. అక్కడ గాలి మన దగ్గరి గాలిలో మూడింట రెండొంతులే. కావలసిన ఆక్సిజన్ కోసం పంపు ఎక్కువ గాలిని తోయాలి. పల్చటి, పొడి గాలి పొరను ఎండబెడుతుంది. చలికాలంలో అదే నీరు గొట్టం చివర గడ్డకడుతుంది. లోపలేమో ఎండు, బయటేమో మంచు! అక్కడ నెగ్గిన బస్సు అనకాపల్లిలోనో ఆదిలాబాద్‌లోనో చలికి మొరాయిస్తుందన్న భయం అక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పింది నీటి గురించి. ఆ గొట్టంలోంచి ఇంకొకటి కూడా వస్తుంది. దాని గురించి ప్రకటనల్లో పెద్దగా చెప్పరు. అది హైడ్రోజనే.

ఎలాగంటారా? సెల్‌లోకి పంపిన హైడ్రోజన్ అంతా ఒక్కసారే ఖర్చు కాదు. మిగిలినదాన్ని మళ్లీ లోపలికి తిప్పుతారు. ఈలోగా అవతలి గాలిలోని నైట్రోజన్ కొంచెం కొంచెంగా పొరను దాటి ఇటు చేరుతుంది. అది పేరుకుంటే హైడ్రోజన్ పల్చబడుతుంది. అందుకని అప్పుడప్పుడూ ఒక వాల్వు లిప్తపాటు తెరుచుకుని ఆ నైట్రోజన్‌ను, నీటిని బయటికి నెడుతుంది. కుక్కర్ విజిల్ లాగే. వాటితోపాటు కాస్త హైడ్రోజన్ కూడా పోతుంది. దాన్ని వెనక నుంచి వచ్చే గాలిలో బాగా కలిపి, పల్చన చేసి వదులుతారు.

ఎంత పల్చన? గాలిలో 4 శాతం దాటితే హైడ్రోజన్ అంటుకోగలదు. ఆ స్థాయిలో మంట పైకే పాకుతుంది. ఎనిమిది, తొమ్మిది శాతం దగ్గర కిందికీ పాకుతుంది. అందుకే 2013లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వచ్చిన అంతర్జాతీయ నిబంధన 13 ప్రకారం గొట్టం కొస దగ్గర ఏ మూడు సెకన్లు తీసుకున్నా సగటున 4 శాతం మించకూడదు, ఏ క్షణంలోనూ 8 శాతం దాటకూడదు. బండి స్టార్ట్ చేసినా, ఆపినా ఇదే లెక్క. మన కేంద్రం కూడా 2020 సెప్టెంబరులో ఈ వాహనాల భద్రతకు ఏఐఎస్-157 ప్రమాణాన్ని నోటిఫై చేసింది.

వంటగ్యాసుకు వాసన కలుపుతారు కాబట్టి లీకయితే ముక్కు చెప్పేస్తుంది. హైడ్రోజన్‌కు అలా కలపడం కుదరదు. ఆ వాసన ఇచ్చే గంధకం సెల్‌లోని ప్లాటినాన్ని పాడుచేస్తుంది. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. మండితే పగటి వెలుగులో మంట కూడా సరిగా కనబడదు. కనిపెట్టాల్సింది సెన్సరే.

ఆరుబయట అయితే ఈ వాయువు క్షణాల్లో పైకెగిరి చెదిరిపోతుంది. అనుమానమంతా మూసిన చోట్ల గురించే. హైదరాబాద్, విజయవాడల్లో అపార్ట్‌మెంటు సెల్లార్లు చూడండి. తక్కువ ఎత్తు పైకప్పు, అడ్డంగా దూలాలు, మూలన ఉందో లేదో తెలియని ఒక ఫ్యాను. పరీక్షలో నెగ్గిన బండి ప్రమాదకరం కాదు. కానీ ఆ పరీక్ష బండిదే, సెల్లార్‌ది కాదు. వాల్వు ఇరుక్కుపోతే ఏమిటి, అలాంటి బండ్లు పది ఒకేసారి ఆగితే ఏమిటి అన్నది బండి కంపెనీ చూసే విషయం కాదు. ప్లాన్లు మంజూరు చేసేవారు ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఒక్క చిన్న వివరం. వంటగ్యాసు గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి దాని అలారం నేలకు దగ్గరగా పెడతారు. హైడ్రోజన్ పోగయ్యేది పైన, రెండు దూలాల మధ్య గూడులో. దాని సెన్సరును బిగించాల్సింది అక్కడ.