ఊటీలో కందిపప్పు

మే నెల వచ్చిందంటే మా కార్ఖానాలో ఇంటింటా ఊటీ మాటే. హోటలు అద్దె వినగానే చెమటలు పట్టేవాళ్ళకు వంటగది ఉన్న చిన్న వాటాయే గతి. మాకు అద్దె ఒక్కటే కాదు. మా అమ్మ హోటలు మెతుకు ముట్టదు. డెబ్బై అయిదేళ్ళ మనిషిని ఒంటరిగా ఇంట్లో వదిలి చల్లగాలికి వెళ్ళడమా?

అయితే కొండమీద పొయ్యి మన మాట వినదు. ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. గాలి ఒత్తిడి తక్కువ కనుక నీళ్ళు 93 డిగ్రీలకు అటూ ఇటూగానే మరిగిపోతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు గంటసేపు కుతకుతలాడినా పలుకు పోలేదు. "ఇదేం పప్పురా నాయనా, రాళ్ళు పోశారా?" అన్నది అమ్మ. పొరుగు వాటావారి కుక్కరు వచ్చాకే ఆ పూట ఆవిడ భోజనం చేసింది.

కనుక బేరమాడేటప్పుడు కిటికీలోంచి లోయ కనిపిస్తుందా అని తరువాత అడగండి. ముందు కుక్కరుందా, వేణ్ణీళ్ళు ఏ వేళకు వస్తాయి, వీధినుంచి గుమ్మానికి మెట్లెన్ని? కొండ ఊళ్ళో ఇల్లంటే సగం మెట్లే! ముసలివాళ్ళ మోకాళ్ళకు అద్దెకన్న అవే బరువు. ఫ్యాను సంగతి అడగనక్కరలేదు.

అన్నట్లు, హైకోర్టు ఉత్తర్వుతో 2024 మేలో నీలగిరికి వచ్చే వాహనాలకు ఈ-పాస్ పెట్టారు. కారులో వెళ్ళేవారు బయలుదేరకముందే విచారించుకోవాలి.