అరటిపండ్ల భూతదయ

నంద్యాల నుండి గిద్దలూరు పోవు అడవిదారిలోను, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలము పోవు దారిలోను జరుగుచుండు దానమొకటి కలదు. కారు నిలుచును, అద్దము దిగును, అరటిపండ్లు, బిస్కత్తులు, ఒక్కొక్కప్పుడు పులిహోర పొట్లమే దారిప్రక్క కోతులకు విసరుదురు. పిల్లలు కేరింతలు కొట్టుదురు; పెద్దలు పుణ్యము గడించితిమని మురియుదురు. దీనిని మేము భూతదయ యనజాలము.

"నోరులేని జీవికింత పెట్టుట పెద్దలు నేర్పిన ధర్మము గదా, అదియు తప్పేనా?" అని కొందరడుగుదురు. ఆకలితో మన వాకిటికి వచ్చిన ప్రాణికి పెట్టుట ధర్మమే. కాని మేడిపండ్లు, తుమికిపండ్లు, చిగుళ్లు, పురుగులు తిని నల్లమలలో బ్రతుక నేర్చిన ప్రాణిని తారురోడ్డు మీదికి పిలుచుట ధర్మమెట్లగును? కోతికి దవుడలలో సంచులుండును. పండ్లను వానిలో నింపుకొని దూరముగా పోయి, తినుచు గింజల నుమియును. వానిలో కొన్ని మొలచును. కూలి లేకయే అడవిని నాటు ఈ తోటమాలిని మనము రెండు పండ్లకు బిచ్చగానిని చేయుచున్నాము. పిమ్మట అది బండ్లకు అడ్డము వచ్చును, తిండివాసన గల ప్లాస్టిక్ సంచిని మింగును, చేతిసంచి కనబడిన యాత్రికురాలి మీదికి దూకును. అప్పుడు 'పాడుకోతులు' అని తిట్టువారును పండ్లు విసరినవారే!

అభయారణ్యములలో మృగములను వేధింపరాదనియు, చెత్త వేయరాదనియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము శాసించినది. ఈ నల్లమల భాగమున 1990లోనే గుండ్ల బ్రహ్మేశ్వరము పేర అభయారణ్య మేర్పడినది. అయినను చట్టము ప్రతి కారులోనికి తొంగిచూడజాలదు. పండ్లసంచి సిద్ధమగునది ఇంటిలో; కనుక మేమీ మాట అటవీశాఖతో గాక గృహస్థులతోను గృహిణులతోను చెప్పుచున్నాము.

మరి పిల్లలకేమి చూపవలెను? ఎగువ అహోబిలము నుండి జ్వాలా నరసింహుని సన్నిధికి భవనాశిని వెంట కాలిబాట కలదు. సెల్‌ఫోను పాట కట్టిపెట్టి ఉదయముననే ఆ బాట నడువుడు. కొండముచ్చు చెట్టుపై చిగుళ్లు తినుచు సగము క్రింద జారవిడుచును. రాలిన దానికై దుప్పులు చేరును. చిరుత జాడ తెలిసినచో పైనుండి కొండముచ్చు అరచును, క్రిందనుండి దుప్పి కూయును. ఒకదాని కేక వేరొకదానికి కాపు. నల్లమలలోని ఈ పొత్తు కంటబడవలెనన్న అరగంట కదలక మెదలక కూర్చుండవలెను. అంతసేపు నోరు మూసికొనుట మనవారికి ఏకాదశి ఉపవాసము కంటె కష్టము.

చూపగలవారు లేరా? ఉన్నారు. సంక్రాంతి పిమ్మట అహోబిలేశుడు పారువేటకు వెడలి ఊరూర తిరుగును. చెంచులక్ష్మిని పెండ్లాడినందున చెంచులు స్వామికి అత్తింటివారని మన నమ్మిక. దేవుని అత్తింటివారిని మనము పిట్ట పేరైనను అడుగము! కాలిజాడ చూచి ఎలుగు ఎటు పోయినదో చెప్పగల చెంచు పెద్దకు తగిన కూలి యిచ్చి వెంట నడచిన కుటుంబములెన్ని? పండ్లకును బిస్కత్తులకును పెట్టు సొమ్ము ఆ కూలిలో కొంతభాగమైనను అగును.

ఈ మాటలకు కోపగించు యాత్రికులుందురు. వారు పండ్లు విసరినంతనే సాగిపోక, వెనుక వచ్చు లారీ దాటువరకు అచ్చటనే నిలిచి చూచి, పిమ్మట మాతో వాదింపవచ్చును.